హెరాల్డుకి కట్టిన విలువ

సేలం నుంచి విలువ కట్టే మనిషి వస్తున్నాడని తెలిసిన నాటి నుంచి అలమేలుమంగకు అన్నం సయించలేదు. కొట్లో కూర్చున్నా మనసంతా ఇంటి వెనక షెడ్డులోనే ఉండేది. ఎవరైనా వచ్చి మోకు అడిగితే తట్ట తీసి ఇచ్చేది. పొరపాటు తెలిసి నాలుక కరుచుకుని మళ్ళీ లేచేది.

ధర్మపురి బజారులో మోకులు, తట్టలు, ఇనుప బకెట్లు, బావి గిలకలు అమ్మే కొట్టు వాళ్ళది. తెలుగు మాట్లాడే వర్తకుల కుటుంబం. ఎన్ని తరాల కిందట ఈ వైపు వచ్చి స్థిరపడ్డారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. గల్లాపెట్టె దగ్గర తమిళం, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. అలమేలుమంగ పుట్టింది పాపిరెడ్డిపట్టిలో. పెండ్లయి ఈ ఇంటికి వచ్చేసరికే షెడ్డులో హెరాల్డు ఉంది.

మీగడ రంగు స్టాండర్డ్ హెరాల్డ్. రెండే తలుపులు. అరవై నాలుగులో మామగారు రంగరాజు మద్రాసు పోయి కొత్తగా కొని, తానే నడుపుకుంటూ ఇంటికి తెచ్చిన బండి. ఆయనకు వయసు మీద పడ్డాక ఆ బండి కొడుకు శరవణకుమార్ చేతికి రావాలి. కానీ శరవణకుమార్‌కి రేచీకటి. పొద్దు వాలితే ఎదుట ఉన్నది మనిషో గుంజో తెలిసేది కాదు. రెండుసార్లు బండిని కాలవలోకి దింపాక రంగరాజు తాళంచెవి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. కొన్నాళ్ళు బండి కదలలేదు. ఒకరోజు పొద్దున్నే ఆయన కోడలిని పిలిచి, పక్క సీటులో తాను కూర్చుని, ఆమెను స్టీరింగు ముందు కూర్చోమన్నాడు.

"వాడికి కండ్లు లేకుంటే నీకున్నాయి కదమ్మా" అన్నాడు.

ఎనభైల్లో ధర్మపురి బజారులో చెట్టింటి కోడలు కారు నడపడమంటే మాటలు కాదు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆమె తల్లి పాపిరెడ్డిపట్టి నుంచి వచ్చి ఏడ్చి పోయింది. రంగరాజు రోజూ పొద్దున్నే వచ్చి పక్క సీటులో కూర్చునేవాడు. అలమేలుమంగ నేర్చుకుంది. సరుకు కోసం సేలం పోవాలన్నా, కంబైనల్లూరు సంతలో బాకీదారును చూడాలన్నా, చుట్టుపక్కల ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆమే నడిపేది. శరవణకుమార్ బతికినంత కాలం పక్క సీటులోనే కూర్చున్నాడు. చీకటి పడ్డాక కూడా, ఏమీ కనపడకపోయినా, "ఎడమకు పట్టు, ఎడమకు పట్టు" అంటూనే ఉండేవాడు. ఆయన పోయిన తర్వాత మొదటిసారి ఒంటరిగా బండి తీసినప్పుడు ఆ మాట వినపడక ఆమె వీధి మలుపులో ఆగిపోయింది. వెనక వచ్చేవాళ్ళు హారను కొడుతున్నా కాసేపు కదలలేకపోయింది.

ఇంతకూ విలువ కట్టే మనిషి ఎందుకు వస్తున్నాడంటే, ఎండాకాలం మొదట్లో పక్కనున్న గోనెసంచుల గోడౌను తగలబడింది. మంటలు షెడ్డు రేకుల దాకా వచ్చాయి. వీధిలోని వాళ్ళు బండిని బయటికి తోసేసరికి ఎడమ తలుపు మీద రంగు అప్పడంలా పొంగింది. ఇన్సూరెన్సు వాళ్ళను అడిగితే, ఇంత పాత బండికి తమ లెక్క ప్రకారం విలువే లేదన్నారు. రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే వాళ్ళకు ఇవ్వడానికి తప్ప, ఈ బండికి ఏమైనా అయితే చిల్లిగవ్వ రాదని తేల్చారు. పాత కార్లు తెలిసిన వాళ్ళ చేత పరీక్ష చేయించి, ఇంత విలువని రాయించి తెస్తే అప్పుడు పూర్తి పాలసీ ఇస్తామన్నారు.

ఆ మాట శరవణకుమార్ తమ్ముడు వాసుదేవన్ చెవిన పడింది. బండిలో సగం అతనిది. కొట్టు లెక్కలు చూసేదీ అతనే. చెడ్డవాడు కాదు, కానీ ఏ వస్తువూ ఊరికే పడి ఉండటం అతనికి గిట్టదు. కోయంబత్తూరులో పాత కార్లు సేకరించే ఒకాయన చాలా కాలంగా హెరాల్డు కోసం అడుగుతున్నాడు.

"వదినా, నేను అమ్మమని చెప్పలేదు" అన్నాడు వాసుదేవన్. "పరీక్షకు వచ్చినాయన మంచి విలువ రాసినాడంటే పాలసీ తీసుకుందాము, బండి మీ దగ్గరే ఉండనీ. రాయలేదంటే ఇచ్చేద్దాము. ఇంకోసారి మంట పుట్టితే బూడిద ఎత్తి పోసేది నా వల్ల కాదు."

న్యాయమైన మాటే. అందుకే ఆమె సరేనంది.

వచ్చిన మనిషి పేరు ముఖేశ్. ముప్పై దాటి ఉంటాయి. సన్నగా, నిదానంగా ఉన్నాడు. కాఫీ ఇస్తే పక్కన పెట్టి ముందు బండి దగ్గరకు నడిచాడు. హెరాల్డు ముందు భాగం, బానెట్టూ మడ్‌గార్డులూ కలిసి, ఒకే మూతలా ముందుకు తెరుచుకుంటుంది. అతను దాన్ని ఎత్తి లోపల టార్చి వేసి చూశాడు. ఆ పైన నేల మీద గోనె పరుచుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. కింద నుంచి అప్పుడప్పుడు సుత్తితో తట్టిన చప్పుడు మాత్రం వినిపించేది. ఆ తట్టిన ప్రతిసారీ తన పన్నునే ఎవరో తట్టి చూస్తున్నట్టు అలమేలుమంగ బిగుసుకుపోయేది. వాసుదేవన్ గడపలో నిలబడి చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

ముఖేశ్ లేచి చేతులు తుడుచుకుని, ఇంజిన్ మీద చెక్కిన నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో పోల్చుకున్నాడు. రెండూ సరిపోయాయి. తమిళంలో మెల్లగా చెప్పాడు. ఇన్నేండ్ల బండిలో పుట్టిన నాటి ఇంజినే ఉండటం అరుదనీ, తాను రాయబోయే విలువలో పెద్ద వాటా దానిదేననీ, ఇంజిన్ మారిన హెరాల్డులు బోలెడు దొరుకుతాయనీ అన్నాడు. తలుపు మీది రంగు లెక్కలోకి రాదన్నాడు. ఇక మిగిలింది నడిపి చూడటం. చదును రోడ్డు మీద ఏ బండైనా నడుస్తుంది, మెట్ట ఎక్కితేనే దాని గుట్టు తెలుస్తుంది, ఎక్కడైనా ఏటవాలు ఉన్న చోటికి పోదాం అన్నాడు.

తొప్పూరు కనుమ దగ్గరే. కానీ అక్కడ లారీల మధ్య ఆ చిన్న బండిని పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. చిన్నప్పటి నుంచి తెలిసిన రోడ్డు ఒకటుంది, పాపిరెడ్డిపట్టి దాటి చిత్తేరి కొండల వైపు ఎక్కేది. అటు పోదామంది. అంత దూరమైతే ఇంకా మంచిదన్నాడు ముఖేశ్. ఇంజిన్ బాగా వేడెక్కాకే నిజం చెబుతుందట.

దారి పొడవునా అతను ఏమీ మాట్లాడలేదు. చెవి ఒకవైపు వంచి ఇంజిన్ చప్పుడు వింటూ కూర్చున్నాడు. పక్క సీటులో అలా మౌనంగా కూర్చునే మనిషి ఆమెకు అలవాటు లేదు. గేరు మార్చిన ప్రతిసారీ అరచేయి చెమట పట్టింది. కొంగుతో తుడుచుకుంటూ నడిపింది. పాపిరెడ్డిపట్టి దాటింది. పసుపు చేలు, కర్రపెండలం చేలు దాటి రోడ్డు పైకి లేవడం మొదలైంది. హెరాల్డు రెండో గేరులో గునుస్తూ ఎక్కింది. మొదటి మలుపు, రెండో మలుపు. టెంపరేచర్ ముల్లు కాస్త పైకి జరిగి అక్కడే నిలిచింది. ముఖేశ్ మొదటిసారి చిన్నగా తల ఊపాడు. అది చూసి ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆ పై మలుపులో ఒక మనిషి రోడ్డుకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

రోడ్డు పక్కన కొండ జారకుండా రాతిగోడ కడుతున్న కూలీలు వాళ్ళు. కుప్పపోసిన రాళ్ళ పక్కన ఒక ఆడమనిషిని పడుకోబెట్టి ఉన్నారు. చేతి మణికట్టు పైన తువ్వాలు చుట్టి ఉంది. ఆ చేయి అప్పటికే ఉబ్బి మెరుస్తోంది. రాయి ఎత్తబోతే కింద ఉన్న నాగుపాము కాటేసిందట. ఫోను సిగ్నలు అక్కడ దొరకదు. ఉన్న ఒక్క మోటారు సైకిలు వేసుకుని మేస్త్రీ ఆటో తేవడానికి కిందికి పోయాడు. ఇంకా రాలేదు. అడ్డం నిలబడినవాడు ఆమె మొగుడు, సిద్ధరాజ్. తమిళంలో గబగబా ఏదో చెబుతున్నాడు, మాటలు ముద్దగా వస్తున్నాయి.

అప్పుడు పడుకున్న ఆమె నోటి నుంచి సన్నగా మాట వచ్చింది. "కండ్లు మూసుకుపోతుండాయి... లైటు పోతుండాది మావా."

తెలుగు. అలమేలుమంగ ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. రాళ్ళు కొట్టే, గోడలు కట్టే జనం మాట్లాడే తెలుగు. అయినా ఆ కొండ మీద ఆ మాట చెవిన పడగానే ఆమె చేయి తనంతట తానే తలుపు తీసింది.

"ఎత్తండి. నడిపించొద్దు, ఎత్తుకుని రండి" అంది తెలుగులోనే.

సిద్ధరాజ్ తుళ్ళిపడి ఆమె మొహం చూశాడు. అంతే, మారుమాట లేకుండా పెండ్లాన్ని ఎత్తుకున్నాడు. రెండు తలుపుల బండిలో వెనక సీటులోకి పోవాలంటే ముందు సీటు వంచాలి. ముఖేశ్ దిగి సీటు మడిచి, తానే ముందు వెనక్కి దూరి, ఆమె తలను తన ఒళ్ళోకి అందుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీద రాతిదుమ్ము, ఎర్రమట్టి అంటుకుంది. అతను గమనించినట్టు లేదు. సిద్ధరాజ్ ముందు కూర్చుని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఆ ఇరుకు రోడ్డులో ఒక్క విసురుకు బండి తిరిగింది. హెరాల్డు తిరిగినంత చిన్న వంపులో ఇంకే బండీ తిరగదని రంగరాజు ఊరంతా చెప్పుకునేవాడు. దిగుడు మొదలైంది. బ్రేకు మీద కాలు ఆనిస్తూ, రెండో గేరు వదలకుండా ఆమె మలుపు తర్వాత మలుపు దించింది. ఇంజిన్ రొద పెట్టింది.

"నీ పేరేమి తల్లీ?" అని అడిగింది వెనక్కి తిరగకుండా.

"ముత్తుసెల్వి."

"ఏ ఊరు మీది?"

"తుంబలహళ్లి... డ్యాము కాడ."

"నిద్రపోవద్దు. నేను అడుగుతుంటాను, నువ్వు చెప్తుండు. పిల్లలు ఎంతమంది?"

జవాబు వచ్చింది కానీ అర్థం కాలేదు. నాలుక తిరగడం లేదు. ఇద్దరు ఆడపిల్లలని సిద్ధరాజ్ చెప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది, పెద్దదాని పేరేమిటని. వెనక నుంచి గొణుగుడు మాత్రమే వినిపించింది. రెప్పలు పూర్తిగా వాలిపోయాయని ముఖేశ్ చెప్పాడు. గొంతులో చొంగ చేరుతోందని ఆమెను పక్కకు ఒత్తిగిలించి పట్టుకున్నాడు.

ముత్తుసెల్వి చేతిని చేతిలోకి తీసుకుని, వినబడుతుంటే వేలు నొక్కమని అడగమని ముఖేశ్‌కి చెప్పింది అలమేలుమంగ. అతనికి తెలుగు రాదు. అడగాల్సిన మాట ఆమే గట్టిగా అడిగింది. నొక్కింది అన్నాడు ముఖేశ్. ఇంకో మలుపు. మళ్ళీ అడిగింది. నొక్కింది, కానీ చాలా మెల్లగా అన్నాడు.

కొండ దిగి చదునుకు వచ్చేసరికి అలమేలుమంగ ముక్కుకు వాసన తగిలింది. తియ్యగా, మాడినట్టు. ముల్లు వైపు చూసింది. అది ఎర్రగీత దాటి చివరకు ఆనుకుని ఉంది. బానెట్టు అంచుల నుంచి ఆవిరి లేస్తోంది. ఏం జరిగిందో చూడకుండానే తెలిసిపోయింది. రేడియేటరు రబ్బరు గొట్టం. పోయిన నెలే మార్చాల్సింది, పరీక్ష అయ్యాక మారుద్దామని ఆగింది. ఇంకాస్త దూరం అలాగే తోలింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

కనుచూపు మేరలో వేరే బండి లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. సిద్ధరాజ్ దిగి రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఏ వైపూ దుమ్ము లేవలేదు. పెండ్లాన్ని భుజాన వేసుకుని పరుగెత్తుతానన్నట్టు బండి తలుపు దగ్గరకు వచ్చాడు. అలమేలుమంగ అతని చేయి పట్టి ఆపి, చేనిలో మోటారు చప్పుడు వస్తున్న వైపు చూపించి, డిక్కీలోని బిందె ఇచ్చి నీళ్ళకు పంపింది.

బానెట్టు ఎత్తింది. గొట్టం నిలువునా చీలి ఉంది. పైట చెంగు చింపి చీలిక మీద బిగించి చుట్టింది. డిక్కీలో అమ్మకానికి పెట్టుకున్న సన్నని పురికొస ఉండ ఉంది, దాంతో వరసగా కట్టింది. రేడియేటరు మూత తువ్వాలు వేసి తిప్పేసరికి మరిగే నీటి ఆవిరి మణికట్టు దాకా కొట్టింది. ఆమె అరవలేదు. చేయి విదిలించి మూతను పక్కన పెట్టింది.

సిద్ధరాజ్ బిందె తెచ్చాడు. బోరు నీళ్ళు, చల్లగా ఉన్నాయి. వెనక సీటు నుంచి ముఖేశ్ కిటికీలో తల పెట్టి చూశాడు.

"అమ్మా" అన్నాడు తమిళంలో. "ఇంత వేడి మీద చల్లనీళ్ళు పోస్తే బ్లాకు పగులుతుంది. చల్లారేదాకా ఆగాలి. అది మీ అసలు ఇంజిన్."

"తెలుసు తంబీ" అంది ఆమె. "ఆ అమ్మాయి వేలు నొక్కుతోందా?"

అతను చూశాడు. ఒకసారి తల అడ్డంగా ఊపాడు. ఊపిరి మాత్రం ఉందన్నాడు.

ఆమె బిందె అందుకుని పోసింది. కాగిన ఇనుములో నీళ్ళు సుయ్యిమన్నాయి. ఆ చప్పుడులో నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. పొడిగా, పొట్టిగా, ఎండుకొమ్మ విరిగినట్టు. ముగ్గురూ విన్నారు. ఆమె ఇంకా పోసింది. మూత బిగించి, స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది. రాలేదు. మళ్ళీ తిప్పింది. రాలేదు. మూడోసారి తిప్పేముందు ఆమె కళ్ళు మూసుకుంది, ఏ దేవుడిని తలుచుకుందో తనకే తెలియదు. ఇంజిన్ కోపంగా గర్జించి అందుకుంది. వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ మబ్బులా లేచింది.

అక్కడి నుంచి పాపిరెడ్డిపట్టి ఆస్పత్రి దాకా ఆ బండి నడిచిందనడం కంటే, తన్ను తాను ఈడ్చుకుంటూ వచ్చిందనాలి. ఇంజిన్ లోపల ఇనుము ఇనుముతో కొట్టుకుంటోంది. పాదాల కింద వేడి చెప్పుల్లోంచి ఎక్కుతోంది. అలమేలుమంగ ముత్తుసెల్వితో మాట్లాడుతూనే ఉంది. జవాబు రాదని తెలిసి కూడా అడిగింది, కోప్పడింది, సిద్ధరాజ్‌ని అడిగి తెలుసుకున్న పిల్లల పేర్లు చెప్పి పిలిచింది. "నీ కోసము నా బండి చంపుకుంటా ఉండాను, నువ్వు పడుకుంటే ఎట్లా" అని తిట్టింది. సిద్ధరాజ్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. బస్టాండు దగ్గర టౌన్ బస్సు అడ్డం వచ్చింది. ఆమె హారను మీద నుంచి చేయి తీయలేదు. ఆస్పత్రి గేటు దాటి, మెట్ల ముందుకు రాగానే ఇంజిన్ తనంతట తాను ఆగింది. ఆమె తాళం తిప్పాల్సిన పని లేకపోయింది.

స్ట్రెచర్ మీద వేసి లోపలికి తీసుకుపోయారు. డాక్టరు చూసి వెంటనే విషం విరుగుడు సూది మొదలుపెట్టాడు. ఊపిరి అందడం లేదని నోట్లో గొట్టం వేసి, చేత్తో సంచి నొక్కుతూ గాలి పంపారు. తర్వాత అంబులెన్సులో ధర్మపురి పెద్దాస్పత్రికి తరలించారు. సిద్ధరాజ్ కూడా అందులోనే పోయాడు. పోతూ పోతూ అలమేలుమంగ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

నర్సు ఆమె చేతికి మందు రాసి గుడ్డ చుట్టింది. బయట బెంచీ మీద కూర్చున్నాకే చేయి మంట తెలిసింది. ముఖేశ్ టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె బండి వైపు చూసింది. దాని కింద నూనె, నీళ్ళు కలిసి మజ్జిగ రంగులో మడుగు కట్టాయి.

"ఇప్పుడు ఏమి రాస్తావు తంబీ?" అని అడిగింది.

ఇవాళ ఏమీ రాయలేనన్నాడు అతను. నడవని బండికి విలువ కట్టడానికి లేదట. బాగు చేయించాక మళ్ళీ వస్తాననీ, తన చొక్కాకూ ప్రయాణానికీ ఏమీ అడగననీ అన్నాడు. ఎవరూ అడగకుండానే, కొండ ఎక్కుతూ తాను తల ఊపినప్పుడు మనసులో ఏ విలువ అనుకున్నాడో అది కూడా చెప్పేశాడు. ఆమె అనుకున్న దానికంటే చాలా ఎక్కువ. చెప్పకుండా ఉంటే బాగుండేదని అనిపించింది.

వాసుదేవన్‌కి ఫోను చేయడానికి ధైర్యం చిక్కబట్టుకోవాల్సి వచ్చింది. జరిగింది చెప్పింది.

"బండి ఏమైనాది?" అన్నాడు వాసుదేవన్.

"ఇంజిన్ పోయినాది వాసూ."

"మీకు?"

"చేయి కాలినాది. కొంచెమే."

"నేను వస్తాను. అక్కడే ఉండండి" అన్నాడు. లారీ మాట్లాడుకుని తానే వచ్చాడు. హెరాల్డును లారీ మీదికి ఎక్కించి తాళ్ళు తానే బిగించాడు.

మెకానిక్ ఇంజిన్ విప్పి చూసి పెదవి విరిచాడు. బ్లాకు పక్కన వెంట్రుకంత గీత, పై నుంచి కింది దాకా. అతుకు వేసినా నిలవదన్నాడు. కోయంబత్తూరు పాత సామాన్ల అంగట్లో ఇంకో హెరాల్డు ఇంజిన్ దొరికింది. దాని నంబరు వేరే. ఆర్‌టీవో ఆఫీసులో ఆ నంబరు ఎక్కించుకోవడానికి అలమేలుమంగ పలుమార్లు తిరిగింది. ఈ లోపల కోయంబత్తూరు ఆయనకు సంగతి చేరింది. ఇంజిన్ మారిన బండి తనకు వద్దని, వేరే ఎక్కడో చూసుకుంటానని కబురు చేశాడు. ఆ కబురు తెచ్చింది వాసుదేవనే.

"ఇక అమ్మేదానికి ఆయనా లేడు" అన్నాడు గల్లా దగ్గర కూర్చుంటూ. గొంతులో కోపమా, ఊరటా, ఆమెకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

ముఖేశ్ రెండోసారి వచ్చాడు. మొదటిసారి లాగే కాఫీ పక్కన పెట్టి, గోనె పరుచుకుని, కిందికి దూరి చూశాడు. ఇంజిన్ మారిందని ఉన్నది ఉన్నట్టే రాశాడు. పాము, కొండ, ఆస్పత్రి, అవేమీ రాయలేదు. అవి బండిలో భాగాలు కావు కదా అన్నాడు నొచ్చుకుంటూ. మొదట చెప్పిన దానిలో సగం కంటే కొంచెం ఎక్కువ విలువ వచ్చింది. వాసుదేవన్ ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. తను మొదట పెట్టిన షరతు ఆమె గుర్తు చేస్తుందేమోనని ఎదురుచూశాడు. ఆమె గుర్తు చేయలేదు. అతనూ చేయలేదు. ఆ సాయంత్రమే పాలసీకి సంతకం పెట్టాడు.

ముత్తుసెల్వి చాలా రోజులు గాలి మిషను మీద ఉండి బతికింది. చేతి చర్మం కొంత తీసేయాల్సి వచ్చింది. వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు, ఇక రాయి ఎత్తలేదని డాక్టర్లు చెప్పారు. అలమేలుమంగ ఒకసారి పెద్దాస్పత్రి వార్డుకు పోయి మంచం పక్కన నిలబడింది. ముత్తుసెల్వి కళ్ళు తెరిచి ఆమెను చూసింది, ఎవరో గుర్తుపట్టలేదు. చూడలేదు కదా ఆ రోజు. సిద్ధరాజ్ టీ కోసం బయటికి పోయి ఉన్నాడు.

"ఎట్లా ఉండావు తల్లీ?" అని అడిగింది అలమేలుమంగ.

ఆ గొంతు వినగానే ముత్తుసెల్వి మొహం మారింది. మంచి చేయి చాపి ఆమె కొంగు పట్టుకుంది.

"అంతా వినబడినాది అక్కా" అంది. "వేలు నొక్కమన్నారు, తర్వాత నొక్కేదానికి కాలేదు. కండ్లు తెరిచేదానికి కాలేదు. సచ్చిపోయినానని వదిలేస్తారేమో అనుకొన్నాను. మీరు తిడతానే ఉండారు. తిట్టేది నిలిస్తే వదిలేసినారని అర్థము అనుకొని, నిలవకూడదు, నిలవకూడదు అని మొక్కుకొన్నాను."

అలమేలుమంగ మంచం అంచున కూర్చుంది. ఆ చేతిని అలాగే కాసేపు పట్టుకుని కూర్చుని, పిల్లల చదువు సంగతి అడిగి, లేచి వచ్చింది.

చేసిన పనికి ఆమె ఏనాడూ విచారించలేదు. కానీ పోయినదానికి బాధ లేదని అంటే అది అబద్ధం. హెరాల్డు ఇప్పుడూ నడుస్తోంది. సోమవారం సోమవారం సరుకు కోసం సేలం పోతుంది. కొత్తగా పెట్టిన ఇంజిన్ నెమ్మదిగా, ఏ దగ్గూ లేకుండా తిరుగుతుంది. మెకానిక్ అది పాతదాని కంటే మంచిదంటాడు. అలమేలుమంగ అవునంటుంది. రోడ్డు మీద ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఒక్కోసారి తెలియకుండానే చెవి ఒకవైపు వంచి వింటుంది. గేరు మార్చి, నిట్టూర్చి, ముందుకు పోతుంది.